రాగి మీద తోవలు గీసిన మనిషి

ఆయన పోయిన సంగతి నాకు మూడో రోజు తెలిసింది. ఉపవాస ప్రార్థన కూటాలకని ఊరు విడిచి పోయి ఉన్నాను. తిరిగి వచ్చి బోధన్ బస్టాండు దగ్గర నా జిరాక్స్ దుకాణం షట్టర్ ఎత్తుతుంటే పక్క మొబైల్ షాపు ఆయన కేకేసి చెప్పాడు.

"అక్కా, బోర్డుల పటేల్ పాయె గద. నీకెరుక లేదా? మొన్ననే వాళ్ళ ఊర్లె దహనం జేసిండ్రు, రెంజల్ దిక్కు."

నేను ఏడవలేదు. లోపలికి పోయి ప్రింటర్ ఆన్ చేశాను. అది వేడెక్కడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో ఒక ప్రశ్న లోపలికి వచ్చి కూర్చుంది, ఇంతవరకూ లేచి పోలేదు. పోయినవాళ్లం అందరం తిరిగి లేచే ఆ దినాన ఆయన ముఖం నాకు కనిపిస్తుందా?

నేను మెథడిస్టు ఇంట్లో పుట్టాను. సండే స్కూల్లో కంఠత వాక్యాలకు బహుమతులు అందుకున్నాను. ఇరవై ఏళ్లుగా స్త్రీల సమాజంలో వాక్యం చెబుతున్నాను. బతికి ఉండగానే మనిషి ప్రభువును నమ్ముకునే తీర్మానం చేసుకోవాలనీ, ఊపిరి పోయాక తలుపు మూసుకుంటుందనీ, పోయినవారి కోసం ప్రార్థన చేయడం మన పద్ధతి కాదనీ ఎందరో తల్లులకు నేనే చెప్పాను. తీరా నాకు అవసరం పడేసరికి ఆ మాట నాకే అడ్డం వచ్చింది. ఆయన కోసం మోకరించడానికి చోటు లేకుండా పోయింది.

ఆయన మొదటిసారి దుకాణానికి వచ్చింది పసుపు ఉడకబెట్టే రోజుల్లో. నెత్తికి తెల్ల రుమాలు, చంకలో పాలిథిన్ కవరు. కౌంటర్ మీద పెన్‌డ్రైవ్ పెట్టిన చేతిని చూశాను. వేళ్లు పచ్చగా, గోళ్ల చుట్టూ గోధుమ రంగు.

"కొమ్ములు ఉడకవెట్టి సక్కగ ఇటే వచ్చినవా అన్నా? చెయ్యన్న కడుక్కొని రారాదు, నా మిషన్‌కు అంటుతది" అన్నాను.

"ఇది మా చేన్ల పసుపు గాదు చెల్లె. సబ్బువెట్టి తోమినా పోదు. రాగిని తినే మందు. నీ మిషన్‌ను నేను ముట్ట గని, నువ్వు గూడ నా కాయితాన్ని ముట్టకు."

కవర్లోంచి నున్నగా మెరిసే కాగితాన్ని రెండు అంచులూ పట్టుకుని బయటికి తీశాడు. వేలి జిడ్డు ఒక్క చుక్క తగిలినా అక్కడ నలుపు సరిగా అంటదట. ప్రింటర్లో కూడా తనే పెట్టాడు. తెర మీద చూస్తే ఏదో ముగ్గులాంటి గీతల చిత్రం, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది.

"ఉన్నదున్నట్టు. నూటికి నూరు. నల్లగ" అన్నాడు.

తర్వాత ఎన్నేళ్లు వచ్చినా ఈ మూడు మాటలే. అద్దంలోలా తిప్పకూడదు, ఒక వెంట్రుక వాసి కూడా తగ్గకూడదు, ఇంకు పొదుపు చేయకూడదు. ప్రింటు బయటికి రాగానే చొక్కా జేబులోంచి ఎనిమిది కాళ్ల చిప్పు ఒకటి తీసి దాని మీద పెట్టి చూసేవాడు. ఎనిమిది కాళ్లూ ఎనిమిది చుక్కల మీద నిలబడితేనే ముఖం విప్పారేది. లేకపోతే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కోపం లేకుండా, "ఇంకోటి తియ్యి" అనేవాడు. నేను నొచ్చుకుంటే, "కాయితం మీది తప్పు తప్పు గాదు చెల్లె. రాగి మీదికెక్కినంకనే అది తప్పు" అని నన్నే సముదాయించేవాడు.

చక్కెర ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసే విభాగంలో పనిచేసిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డాక తోటివాళ్లు హైదరాబాదుకూ దుబాయికీ పోతే, ఈయన ఒక పాత కంప్యూటర్ కొనుక్కుని, ఫోన్లో వీడియోలు చూసి సర్క్యూట్ బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాడు. అప్పటికి యాభై దాటాయి. ఆయన చేసేవి ఎక్కువగా రైతుల మోటార్ల బోర్డులు. కరెంటు రాగానే మోటారును వాటంతట అవే నడిపించేవి, ఒక ఫేజు పోతే కాలిపోకుండా ఆపేవి. మోస్రా, చందూర్, వర్ని దాకా పోయేవి.

ఒకసారి స్త్రీల కూటానికి ఆయన భార్యను పిలుద్దామని ఇంటికి పోయాను. వదిన వాకిట్లో ఒక ప్లాస్టిక్ టబ్బును అటూ ఇటూ మెల్లగా ఊపుతోంది. అందులో టీ డికాషన్ లాంటి నీళ్లు, నీళ్లలో ఒక రాగి రేకు.

"ఏం జేస్తున్నవ్ వదినా?"

"నీ అన్న బిడ్డకు తానం బోస్తున్న. కొత్త టబ్బు, గిందుకే కొన్నడట. ఇస్త్రీపెట్టె పాయె, టబ్బు పాయె. ఇగ మిగిలింది నేనే."

ఆ రోజే నాకు మొత్తం అర్థమైంది. నా దగ్గర తీసిన ప్రింటును రాగి రేకు మీద బోర్లించి ఇస్త్రీపెట్టెతో కాలుస్తాడు. నలుపు కరిగి రాగికి అంటుకుంటుంది. నీళ్లలో నానబెట్టి కాగితాన్ని వేళ్లతో రుద్ది తీసేస్తాడు. తర్వాత మందునీళ్లలో వేస్తే నలుపు కింద దాక్కున్న రాగి మిగులుతుంది, తక్కినదంతా కరిగిపోతుంది. అప్పుడు సూదంత రంధ్రాలు వేసి, భాగాలు గుచ్చి, సోల్డర్ పెట్టడం.

లోపల ఆయన కంప్యూటర్ ముందు ఉన్నాడు. తెర మీద భాగాలన్నీ పేర్చి ఉన్నాయి, వాటి మధ్య సాలెపురుగు దారాల్లాంటి సన్నని గీతలు. ఏ కాలు ఏ కాలును కలవాలో ఆ దారాలు చెబుతాయట. ఒక్కో దారం బదులు ఒక్కో తోవ గీయాలి. రాగి ఒకవైపే ఉంటుంది కాబట్టి ఒక తోవ ఇంకో తోవను దాటకూడదు.

"గీ బటన్ ఒత్తితే అదే గీస్తది" అని చూపించాడు.

"మరి ఒత్తరాదు?"

"దానికి తొందరెక్కువ. మూల మూలకు టక్కన మలుపుతది. దున్నేటప్పుడు గెట్టు కాడ ఎడ్లను గట్ల మలుపుతమా? జర ముందుకు పోనిచ్చి మెల్లగ మలపాలె."

"ఎడ్లను అమ్మిండు, చేను కౌలుకిచ్చిండు, ఇప్పుడు కంప్యూటర్ల దున్నుతుండు" అని వాకిట్లోంచి వదిన. "అన్నం సల్లగైతున్నదంటే ఒక్క దారం మిగిలిందే అంటడు. పెండ్లయిన కాంచి గా ఒక్క దారం మిగులుతనే ఉన్నది."

ఆయన నవ్వాడు. గట్టిగా కాదు. రుమాలు తీసి, మళ్లీ చుట్టుకుని, తెర వైపు తిరిగాడు. బోర్డు మూలకు కాస్త చోటు ఉంచి, అది ఏ ఊరికి పోతుందో ఆ ఊరి పేరు రాగి అక్షరాల్లో రాసేవాడు. ఆ అక్షరాలు ఏ పనీ చేయవు. "ఉన్న రాగిని మందునీళ్లకు తినవెట్టుడెందుకు? ఊరి పేరన్న ఉండనీ" అనేవాడు. చందూర్ రైతు ఒకాయన దుకాణంలో నాకు తన స్టార్టర్ డబ్బా మూత విప్పి మరీ చూపించాడు, "మా ఊరి పేరు కరెంటులున్నది" అని.

ఇక నా సంగతి. దుకాణానికి వచ్చిన ఎవరినీ సువార్త కరపత్రం ఇవ్వకుండా పంపను. ఆయనకూ ప్రతిసారీ ఇచ్చాను. మెరిసే కాగితం మీద రంగుల్లో అచ్చువేసినవి. కాదనకుండా తీసుకుని, అంచులు పట్టుకుని, కవర్లో పెట్టుకునేవాడు. ఎంత భక్తిగా తీసుకుంటున్నాడని నేను సంబరపడ్డాను. ఒకరోజు ఇంకో నాలుగు ఉంటే ఇమ్మన్నాడు. నా గుండె నిండిపోయింది.

"ఎవరికిస్తవన్నా?"

"ఎవరికియ్య. గీ కాయితం మస్తు పనికొస్తున్నది చెల్లె. ఎనక దిక్కు ప్రింట్ తీస్తే నలుపు మొత్తం రాగికే అంటుతున్నది. నీళ్లల్ల రెండే నిమిషాలకు ఊడుతున్నది."

"వాక్యాన్ని ఇస్త్రీపెట్టె కింద కాల్చినవా? నీళ్లల్ల నానవెట్టినవా?"

"సదివినంకనే గద."

"అబద్ధం. చదివితే ఏమున్నదందుల, చెప్పు."

ఆయన మొదలుపెట్టాడు. ప్రభువు జనం మధ్య నడుస్తుంటే పన్నెండేళ్ల రోగంతో ఉన్న ఒక స్త్రీ వెనక నుంచి వచ్చి ఆయన వస్త్రపు చెంగు ముట్టుకోవడం, బాగుపడటం, ప్రభువు ఆగి ఎవరని అడగడం, అంతా వరుసగా చెప్పాడు. నేను కూటాల్లో చెప్పినదానికంటే తక్కువ మాటల్లో, ఒక్కటీ తప్పకుండా. చివరికి అన్నాడు:

"ఆమె ముంగటికి రాలే జూడు. ఎనకనించే వచ్చింది."

"తర్వాత ముందుకు పిలిచిండు గద ప్రభువు!" అన్నాను.

"అవు. పిలిచిండు" అని పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పోయాడు. నేను గెలిచాననుకున్నాను.

మా అమ్మకు ఆ సరికే చెవులు పూర్తిగా మందగించాయి. నిజామాబాద్‌లో చెవి మిషన్ ఇప్పించాం కానీ గుడిలో ఆదివారం ఆరాధనకు కూర్చోగానే దాన్ని తీసి సంచిలో వేసేది. ఫ్యాన్ల చప్పుడు, దగ్గులు, పిల్లల ఏడుపు అన్నీ ఒకే తీరుగా చెవిలో పడతాయట. వాక్యం వినక నాలుగేళ్లయింది. పాటలు మాత్రం తనకు వచ్చినంత వేగంతో గట్టిగా పాడేది, సంఘమంతా ఒక చరణం వెనక ఉన్నా సరే. ఒకనాడు దుకాణంలో కూర్చుని ఆయన ముందే అంది: "వాక్యం వింటందుకే పోతం గద బాపు గుడికి. పాస్టరయ్య నోరు ఆడుతుంటది. చేప లెక్క. చూసి వస్త."

ఆయన వారానికి వచ్చి, గుడి లోపల గోడల వెంట నేల మీద ఒక తీగ చుట్టూ వేయనిస్తారా అని అడిగాడు. మైకు శబ్దాన్ని ఆ తీగలోకి పంపిస్తే, చిన్న డబ్బా ఒకటి దాన్ని తీగ తగలకుండానే అందుకుని చెవిలో వినిపిస్తుందట. మైకులోని మాట తప్ప ఇంకేమీ రాదు. పాస్టర్ గారు సరే అన్నారు. ఈస్టరు ముందు వచ్చే మట్టల ఆదివారానికి తయారు కావాలని అమ్మ పట్టు.

ఆ శనివారం పొద్దున ఆయన డబ్బా బోర్డు ప్రింటు కోసం వదిన చేత పెన్‌డ్రైవ్ పంపాడు. తను గుడిలో తీగ పరుస్తున్నాడు. నేనేమో యువజనుల కూటానికి టీ షర్టుల మీదికీ మగ్గుల మీదికీ వాక్యాలు తీస్తున్నాను. అవన్నీ కాల్చి అంటించేవే. అద్దంలోలా తిప్పి తీస్తేనే చదవడానికి వస్తాయి. ఇదీ కాల్చి అంటించేదే కదా, మనిషి గుడి పనిలో ఉండి మరిచిపోయి ఉంటాడు, మేలు చేద్దామని తిప్పి తీశాను. ఆయన తెర మీద గీసేదే పైనుంచి చూసినట్టు గీస్తాడనీ, బోర్లించి కాల్చడంతోనే తిరగబడుతుందనీ, నేను తిప్పితే రెండుసార్లు తిరిగినట్టనీ నాకు తట్టలేదు.

సాయంత్రం బోర్డు పట్టుకుని వచ్చాడు. మూలకు ఈసారి ఊరి పేరు లేదు. 'అవ్వ' అని రాసి ఉంది, తిరగబడి. కాళ్లన్నీ ఎడమవి కుడికి, కుడివి ఎడమకు.

"తిప్పినవా చెల్లె?"

నేను తలూపాను. ఏడుపొచ్చింది. రాగి రేకు ఇంకో ముక్క లేదు, హైదరాబాద్ నుంచి రావాలి. అమ్మ వెనక కుర్చీలో కూర్చుని మా ముఖాలు చూస్తూ, "ఏమైందే? ఏమైందే?" అని బస్టాండు దాకా వినిపించేలా అడుగుతోంది.

ఆయన నా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి చిప్పు తీశాడు. దాని ఎనిమిది కాళ్లనూ ఒక్కొక్కటే పట్టకారుతో వెనక్కి వంచాడు. వెల్లకిలా పడుకోబెట్టి బోర్డు రంధ్రాల్లో దించాడు. చిప్పు కూడా తిరగబడింది, రెండూ సరిపోయాయి. వీపు మీద పడి కాళ్లు కిందికి చాపిన పురుగులా ఉంది.

"గిట్ల నడుస్తదా?" అన్నాను.

"అవ్వ పనికి నడువకుంటెట్ల?" అన్నాడు. "నువ్వు మంచికే జేసినవ్. ఇంకోపారి మంచి జేసే ముంగట ఫోన్ జెయ్యి."

మరునాడు మట్టల ఆదివారం. పాస్టర్ గారు మొదటి ప్రార్థన మొదలుపెట్టగానే అమ్మ నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. ప్రార్థన అయ్యేదాకా వదల్లేదు. తర్వాత, "అయ్య గొంతు ముసలిదైంది" అంది, అందరికీ వినపడేలా.

ఇంకో ముగ్గురు ముసలమ్మలకు కూడా డబ్బాలు చేసిచ్చాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేవాడు, లోపలికి కాదు. కిటికీ కింద, గోడ బయట, చెప్పులు విడిచే చోట అరుగు మీద కూర్చునేవాడు, చెవిలో అలాంటి డబ్బా తీగతోనే.

"లోపలికి రారాదు అన్నా. ఫ్యానున్నది."

"లోపట సిగ్నల్ ఉంటదని ఎరుకే. గోడ దాటి ఎంత దూరం పారుతదో సూడాలె గద."

"రెండేండ్ల సంది చూస్తనే ఉన్నవా?"

"చెప్పులు గూడ కాస్తున్న. మీరు దేవుని తానికి పోతరు, చెప్పులు దొంగలపాలు చేస్తరు."

ఆరాధన మధ్యలో ఒకసారి కిటికీలోంచి చూశాను. లోపల అందరం తలవంచి ఉన్నాం. ఆయన రుమాలు తీసి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఎండకు తీశాడో, ఇంకెందుకో. ఆరాధన అయ్యాక అడుగుదామనుకున్నాను. కానీ బయటికి వచ్చి నేను చేసింది, ఎప్పటిలాగే చెప్పడం. రక్షణ గురించి, ఆలస్యం గురించి, బాప్తిస్మం గురించి. ఆయన తలూపుతూ విన్నాడు. ఆయన్ని నేను అడిగింది లేదు, ఏం విన్నావన్నా అని. ఒక్కసారి కూడా లేదు. నా దగ్గర జవాబులే ఉండేవి.

చివరిసారి వానల్లో వచ్చాడు. మెట్టు ఎక్కడానికి ఆయాసం. ప్రింటు తీసి చిప్పు పెట్టి చూసుకుంటుంటే చిప్పు చేతిలోంచి జారి కింద పడింది. ఇద్దరం వంగి వెతికాం. నాకే దొరికింది. ఆయన అరచేతిలో పెడుతూ, "అన్నా, లోపలికి ఎప్పుడొస్తవ్?" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. ఏదో అనబోయాడు. అంతలో ఒక పిల్ల తల్లి హాల్ టికెట్ కోసం ఫోన్ చాచింది, బస్సు పోతుందని తొందర. నేను అటు తిరిగాను. తిరిగి చూసేసరికి ఆయన రోడ్డు దాటుతున్నాడు, కవరు వానకు తడవకుండా రుమాలు కింద పట్టుకుని.

ఆ వాక్యం పూర్తయి ఉంటే ఏమయ్యేదో. దుకాణంలో ఖాళీగా ఉన్న ప్రతి గంటా దాన్ని నేనే పూర్తి చేస్తుంటాను, ఒక్కోసారి ఒక్కో రకంగా.

మా సంఘంలో ఏటా ఒక ఆదివారం, ఆ ఏడు ప్రభువునందు నిద్రించినవారి పేర్లు చదువుతారు. పేరు చదవగానే ఆ మనిషికి చెందినవాళ్లు లేచి నిలబడాలి. జాబితా అచ్చువేసేది నేనే. ఈసారి ఆయన పేరూ చేర్చవచ్చా అని పాస్టర్ గారిని అడిగాను.

"మంచి మనిషమ్మా. మన ముసలమ్మలకు చెవులిచ్చాడు. కానీ మన సభ్యుడు కాదు, బాప్తిస్మం లేదు. ఆయన స్థితి మనకు తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు బలిపీఠం ముందు ఎలా చదువుతాను? మీకు చెప్పాలా?"

చెప్పనవసరం లేదు. పాస్టర్ గారి చోట నేనున్నా అదే అనేదాన్ని. దుకాణానికి వచ్చి తొమ్మిది పేర్లు టైపు చేశాను. పదోది కూడా చేశాను. దాన్ని చూస్తూ కూర్చుని, తర్వాత తీసేశాను. ఆయన ఎక్కడున్నాడో నాకు తెలియదు. తెలియని చోట ఆయన్ని పెట్టే అధికారం నాకు లేదు.

అమ్మకు చెప్పాను, చెవి దగ్గర నోరు పెట్టి. "వాని పేరు లేదా?" అంది. లేదన్నాను.

ఆ ఆదివారం పాస్టర్ గారు తొమ్మిది పేర్లు చదివారు. ఒక్కో పేరుకు ఒక్కో బెంచీలో కొందరు లేచారు. చివరి పేరు తర్వాత మౌనం. ఆ మౌనంలో ముందు బెంచీ పట్టుకుని అమ్మ లేచింది. ఆయన పేరు చెప్పింది, ఇంటి పేరుతో సహా.

పాస్టర్ గారు చేతిలో కాగితం వైపు చూశారు. ఆయనకు వినపడలేదేమోననుకుని అమ్మ మళ్లీ చెప్పింది, ఇంకా గట్టిగా. వెనక ఎవరో పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. సంఘమంతా తలలు తిప్పింది. అమ్మను కాదు, నన్ను చూస్తున్నారు. ఇరవై ఏళ్లుగా వాళ్లకు నేర్పినదాన్ని నేను.

పేరు చెప్పాక ఆ మనిషికి చెందినవాళ్లు నిలబడాలి. అమ్మ ఒక్కతే నిలబడి ఉంది. నా ప్రశ్నకు జవాబు అప్పటికీ రాలేదు. పాస్టర్ గారు చెప్పింది తప్పనీ అనిపించలేదు. ఆ పేరున్న మనిషి నాకెవరు అని మాత్రం నన్ను నేను అడగాల్సిన అవసరం పడలేదు. లేచి నిలబడ్డాను.